గోడవైపు పిల్లలు ఆలోచించరాదు

మా ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లల్లో సగం మంది తప్పనిసరిగా ఆలోచించాలనీ, తక్కిన సగం మంది ఎట్టి పరిస్థితిలోనూ ఆలోచించరాదనీ పోయిన ఏడాది ఉత్తర్వు వచ్చింది. ఎవరి మీదా కోపంతో ఇచ్చిన ఉత్తర్వు కాదది. రెండూ పిల్లల మేలు కోరి ఇచ్చినవే. బడి కమిటీ అధ్యక్షురాలిగా దాన్ని ఊళ్లో అమలు చేసిన మనిషిని నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నన్ను అధ్యక్షురాలిని చేయడానికి పెద్ద కారణమేమీ లేదు. మా ఆయన పోయాక సాయంత్రాలు గడవక వయోజన కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. కొత్త కాబట్టి కంటపడిన కాగితమల్లా చదువుతాను. తక్కిన వాళ్లకు ఆ ఓపిక లేదు. సర్కారు కాగితాలు చివరిదాకా చదివే మనిషి దొరికిందని అందరూ చేతులెత్తారు.

జిల్లా మూల్యాంకన సమన్వయాధికారి చిదంబర్ రావు సారు జీపు దిగి, మా వరండాలో నిలబడి ఇట్లా సెలవిచ్చారు.

"గణితమనగా గుణకారము కాదు. గణితమనగా మథనము. బాలబాలికల యందు సమస్యా సాధనా నైపుణ్యమును పెంపొందించుటకై 'గణిత మథనం' అను కార్యక్రమమును రూపొందించియున్నాము. అది పనిచేయుచున్నదా లేదా అనునది శాస్త్రీయముగా తేలవలెను. అందులకై తరగతిని రెండుగా విభజించెదము. ఒక సగమునకు మథనము బోధింపబడును. రెండవ సగము పోలిక వర్గము. వారు యథాతథముగా ఉండవలెను."

"యథాతథంగ అంటే ఎట్ల సారూ?" అని అడిగాను.

"ఇప్పుడెట్లున్నారో అట్లే."

"పిల్లలు గద సారూ. అట్లనే ఉండుమంటే ఉంటరా? పెరుగుతరు."

సారు, "ఎత్తు పెరుగుటకు అభ్యంతరము లేదు," అన్నారు.

తర్వాత మాకు అర్థమయ్యేట్టు చెప్పాలని, "మీరు రైతులు. చేనులో సగానికి ఎరువు వేసి, సగానికి వేయక, తేడా చూచెదరు గదా," అన్నారు. మా ఊళ్లో అట్లా చూసేవాడు ఒక్కడూ లేడు. ఎరువు దొరికితే చేనంతా చల్లుతారు, దొరక్కపోతే లేదు. అయినా అంత దూరం నుంచి వచ్చి అడిగిన మనిషిని చిన్నబుచ్చడం ఎందుకని అందరం తలలూపాం.

మథనం అంటే ఏమిటో కూడా చూపించారు. ఒక దొడ్లో కోళ్లూ మేకలూ కలిసి ఉన్నాయి. తలలు లెక్కపెడితే పది. కాళ్లు లెక్కపెడితే ఇరవై ఎనిమిది. కోళ్లెన్ని, మేకలెన్ని? దీన్ని పిల్లలు మొదట చదవాలి, బొమ్మ గీయాలి, ఊహించాలి, చివరికి సరిచూడాలి. వినడానికి చాలా బాగుంది. నాకే అక్కడ కూర్చొని చేయాలనిపించింది.

చీటీలు వేశారు. నా కొడుకు పిల్లలు కవలలు, ఇద్దరూ నాలుగో తరగతే. భార్గవి బస్సెక్కితే సీట్లు లెక్కపెట్టి, నిలబడ్డవాళ్లను లెక్కపెట్టి, వచ్చే ఊళ్లో ఎందరు దిగితే తనకు సీటు దొరుకుతుందో చెప్పే పిల్ల. భరత్‌కు లెక్కల పుస్తకం తెరిస్తే కడుపునొప్పి. సాకు కాదు, నిజంగానే వస్తుంది. చీటీలో భరత్ మథనానికి వచ్చాడు. భార్గవి పోలిక వర్గానికి వచ్చింది. ఇంటికొచ్చి ఇద్దరూ ఏడ్చారు.

భార్గవి ఏడుపుకు కారణముంది. అయిదో తరగతిలో గురుకులం బడికి పోవాలని ఆ పిల్ల పట్టుదల. మా బడి అయిదో తరగతితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆడపిల్లలు పత్తి ఏరడానికో, చిన్న వయసు పెళ్లికో పోవడమే తప్ప బస్సెక్కి చదువుకున్నవాళ్లు తక్కువ. గురుకులానికి ప్రవేశ పరీక్ష ఉంది. ఆ పరీక్షలో కోళ్లూ మేకల లాంటి లెక్కలే వస్తాయి.

పిల్లలిద్దరినీ అటూ ఇటూ మార్చమని సారును బతిమాలాను.

"చీటీ నిర్ణయమే శాస్త్ర నిర్ణయము. మార్చినచో పక్షపాతమగును," అన్నారు. "పోలిక వర్గమునకు వచ్చే సంవత్సరము బోధించెదము."

"వచ్చే ఏడు వాళ్లు నాలుగో తరగతిల ఉండరు గద సారూ."

"అది మా శాఖ పరిధిలోనిది కాదు."

మా బడిలో నాలుగో తరగతికి ఉన్నది ఒకే గది, ఒకే టీచరు. గది మధ్యలో ఇనుప బీరువా అడ్డం పెట్టారు. కిటికీవైపు మథనం పిల్లలు, గోడవైపు పోలిక పిల్లలు. శోభారాణి టీచరు పాపం, "మరి నేను ఏ దిక్కు ఆలోచించాలె సార్?" అని అడిగింది.

"కిటికీవైపు నిలిచినప్పుడు ఆలోచించుడు. బీరువా దాటగానే మానుడు," అన్నారు సారు. టీచరు అలవాటు చేసుకుంది. అటు నిలబడితే "ఎందుకట్ల వచ్చింది?" అని అడిగేది. ఇటు వచ్చి "ఎక్కాలు రాయుండ్రి," అనేది.

మొదటి తనిఖీకి సారు వచ్చి కిటికీవైపు పిల్లలకు కోళ్ల లెక్క ఇచ్చారు. వాళ్లు చదివారు. బొమ్మ గీయడం మొదలుపెట్టారు. ఇంకా మొదటి కోడికి తోక పెడుతుండగానే బీరువా వెనక నుంచి, "కోళ్లు ఆరు, మేకలు నాలుగు," అని గోడవైపు పిల్లలందరూ ఒక్క గొంతుతో అన్నారు.

సారు ముఖం పాలిపోయింది. "కలుషితము," అన్నారు. "ఆలోచన బీరువా దాటినది."

వెంటనే చర్యలు తీసుకున్నారు. మథనం జరిగేటప్పుడు గోడవైపు పిల్లలు గట్టిగా ఎక్కాలు చదవాలన్నారు. దాంతో కిటికీవైపు వాళ్లకు మథనం వినిపించడం మానేసింది. అది రద్దు చేసి గోడవైపు పిల్లల చెవుల్లో దూది పెట్టించారు. వాళ్లకు గంట వినపడక మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. దాన్నీ రద్దు చేసి, మథనం సమయంలో వాళ్లను ఆటకు పంపమన్నారు.

ఆటలో పదకొండు మంది. రెండు జట్లు చేస్తే ఒకరు మిగులుతారు. ఆ ఒక్కరూ వంతులవారీగా రెండు జట్లకూ ఆడాలని భార్గవి తీర్పు చెప్పింది. సారు జీపులోంచి అది చూశారు. జట్లతో కూడిన క్రీడలు సమస్యా సాధనకు దారితీయుచున్నవి గావున నిషేధించడమైనది అని ఉత్తర్వు వచ్చింది. పిల్లలు ఆట మానేసి నేలమీద కూర్చున్నారు.

"ఏమి చూచుచున్నారు?" అని సారు అడిగారు.

"చీమలను సార్," అంది భార్గవి. "పుట్టలకు పోయేటియి ఎక్కువున్నయా, బయటికొచ్చేటియి ఎక్కువున్నయా అని."

మరునాడు చీమలకు మందు చల్లించారు.

ఇంత చేసినా బడి వదిలాక పిల్లలు ఊళ్లో తిరుగుతారు కదా. ఊరంతా సమస్యలే. అందుకని గోడవైపు పిల్లల చేతులకు పసుపు పట్టీలు కట్టి, ఊళ్లో డప్పు చాటింపు వేయించారు. కాగితం చదివింది నేనే. పసుపు పట్టీ ధరించిన బాలబాలికల సమక్షమున ఎంత, ఎన్ని, ఎట్లు, ఎందుకు అను పదములను గ్రామస్థులు వాడరాదు. పంచదగిన పదార్థములను పంచిన పిమ్మటనే వారి కంటబడనీయవలెను.

మా ఊరు మర్యాదగల ఊరు. పాటించారు. పసుపు పట్టీ పిల్లలు ఎదురైతే "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడగడం మానేసి, "ఉన్నవ్ బిడ్డా," అని పోసాగారు. పిల్లలు కూడా "ఉన్న," అనేవాళ్లు. కిరాణా కొట్టు నర్సక్క అయితే పట్టీ కనబడగానే తరాజు మీద గుడ్డ కప్పేది.

కష్టమంతా మా ఇంట్లో. ఒకే కప్పు కింద ఆలోచించవలసినవాడూ ఆలోచించరానిదీ ఇద్దరూ ఉన్నారు. ఒకనాడు నా కోడలు స్వరూప గారెలు చేసింది. భార్గవి పళ్లెంలోకి తొంగిచూసి, "అయిదుగురం, ఏడు గారెలు. తలా ఒకటి పోంగ రెండున్నయి. ఆ రెండింటిని..." అని మొదలుపెట్టింది.

"కండ్లు మూసుకో బిడ్డా," అన్నాను.

"మూసుకుంటే ఇంక మంచిగ కనబడుతున్నయ్ నానమ్మా."

స్వరూప అట్లకాడ పక్కన పెట్టింది. "అత్తమ్మా, నువ్వు బడిల అధ్యక్షురాలివి. నా పొయ్యికాడ కాదు. గారెలు చూడొద్దని పిల్లకు చెప్పే సర్కారును నేనెక్కడ చూడలే."

"చూడొద్దని కాదమ్మా. పంచినంక చూడొచ్చు."

"అయితే నువ్వే పంచు," అని పళ్లెం నా ముందు పెట్టింది. నేను లోపలి గదిలోకి పోయి తలుపేసుకొని పంచాను. ఎట్లా పంచానో రాయను, ఇది చదివేవాళ్లలో పసుపు పట్టీ పిల్లలు ఉండవచ్చు.

ఇట్లా ఉండగా ఒక విశేషం గమనించాను. భరత్‌కు ఇంటిపనిగా మథనం లెక్కలు ఇస్తారు. కడుపునొప్పి రావాలి. రావడం లేదు. సాయంత్రం కాగానే భార్గవి చేయవలసిన పని, లేగదూడకు గడ్డి వేయడం, కుండలో నీళ్లు నింపడం, అన్నీ వాడే చేస్తున్నాడు. భార్గవి వాడి పుస్తకం ముందేసుకొని తల ఎత్తడం లేదు.

ఏం చేస్తున్నావని అడగవచ్చు. కానీ పసుపు పట్టీ పిల్లను ప్రశ్న అడగడం ఉత్తర్వుకు విరుద్ధం. అధ్యక్షురాలినై ఉండి నేనే తప్పితే ఊరు నవ్వుతుంది. కాబట్టి అడగలేదు.

కొద్దిరోజులకు ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదని తెలిసింది. కిటికీవైపు ప్రతి పిల్లవాడికీ గోడవైపు ఒకరు ఉన్నారు. చేయొద్దన్న లెక్క మీద గోడవైపు పిల్లలకు ఎంత మోజు పుట్టిందంటే, ఇచ్చినవి చాలడం లేదని గొడవ.

"ఏందిరా ఇయి, అన్నీ అల్కటియే తెస్తవ్," అని భార్గవి తమ్ముణ్ని తిట్టడం విన్నాను. "రేపు గట్టియి తేకుంటే దూడకు గడ్డి గాదు, పేడ గూడ నువ్వే తియ్యాలె."

"టీచర్ ఇచ్చిందే తెస్త గదనే."

"అడుగు మరి. నోరు లేదా నీకు?"

భరత్ పోయి, "టీచర్, ఇంక గట్టి లెక్కలియ్యుండ్రి," అని అడిగాడు. కిటికీవైపు పిల్లలందరూ అట్లాగే అడిగారు. శోభారాణి టీచరు కళ్లు తుడుచుకుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ పిల్లా అట్లా అడగలేదట. పుస్తకాల్లో ఉన్న లెక్కలు అయిపోయి, ఆమె రాత్రింబవళ్లు కొత్తవి తయారుచేసి ఇచ్చింది. కిటికీవైపు నోటుపుస్తకాలు చూసి చిదంబర్ రావు సారు ఉప్పొంగిపోయారు. గోడకు అంటించిన కాగితం మీద ఎర్ర గీత పైపైకి పోయి, కాగితం చాలక సున్నం మీదికి ఎక్కింది. పోలిక వర్గపు గీత మాత్రం నేలబారుగా ఉంది. వాళ్లకు లెక్కలే ఇవ్వడం లేదు కాబట్టి వాళ్లు చేసినట్టు ఎక్కడా లేదు. "పోలిక వర్గము యందు ఆలోచన లేదని ధ్రువీకరించడమైనది" అని సారు ప్రతి వారమూ రాసి సంతకం పెట్టారు.

అంతలో గురుకులం పరీక్ష హాల్ టికెట్ వచ్చింది. దాని వెనకే సారు ఉత్తర్వూ వచ్చింది. ప్రవేశ పరీక్ష ఆదివారం. మథనం తుది మూల్యాంకనం మంగళవారం. ప్రవేశ పరీక్షలో సమస్యలుంటాయి. మూల్యాంకనానికి ముందు పోలిక వర్గపు బాలిక సమస్యను చూస్తే మూల్యాంకనం చెడుతుంది. కావున సదరు బాలిక పరీక్షకు హాజరు కారాదు.

ఉత్తర్వు చదివి వినిపించాను. భార్గవి ఏడవలేదు. హాల్ టికెట్ మడిచి లంగా నడుములో దోపుకొని, పోయి మంచం మీద అటు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. భరత్ దూడకు గడ్డి వేసి వచ్చి అక్క మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

స్వరూప నా ముందుకొచ్చింది. "వచ్చే ఏడు మా పిల్ల నాతోని పత్తికొస్తది అత్తమ్మా. అప్పుడు మంచిగ పోల్చుకోండ్రి, ఎవలు ఎక్కువ ఏరిండ్రో," అంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయాను.

సారు మర్యాదగా కుర్చీ వేయించారు. "అధ్యక్షురాలు గారూ, నియమము నియమమే," అన్నారు.

"నియమం గురించే వచ్చిన సారూ. పోలిక వర్గం అంటే ఆలోచన లేనోళ్లే గద."

"నిశ్చయముగా."

"మా మనుమరాలికి ఆలోచన లేదని మీరే రాసిండ్రు."

"ప్రతి వారము ధ్రువీకరించియున్నాము."

"మరి ఆలోచన లేని పిల్లకు కాగితం ఇస్తే ఏం కనబడ్తది సారూ? కాగితం కనబడ్తది. సమస్య ఎట్ల కనబడ్తది?"

సారు కలం కింద పెట్టారు.

"కనబడ్తదని మీరంటే," అన్నాను, "ఆలోచన ఉన్నట్టే గద. అప్పుడు ఇన్ని వారాల సంతకాలు మళ్ల రాసుకోవాలె. మీకు కష్టం."

ఆయన గుమాస్తాను పిలిచి షరతులతో కూడిన అనుమతి రాయించారు. సదరు బాలిక పరీక్ష రాయవచ్చును. రాయునపుడు నుదురు ముడువరాదు. వేళ్లు మడువరాదు. పైకప్పు వంక చూడరాదు. ఇచ్చిన నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించుటకు ఆలోచన అనివార్యము కాదని ఈ శాఖ అభిప్రాయము. పర్యవేక్షణకు సమన్వయాధికారి స్వయముగా హాజరగుదురు.

ఆదివారం సారు వచ్చారు. పరీక్ష గది కిటికీ బయట ఎండలో నిలబడి, రెండు గంటలపాటు భార్గవి నుదురు వైపే చూశారు. నేనూ స్వరూపా ఆయన పక్కనే నిలబడ్డాం. పిల్ల మట్టిబొమ్మలా కూర్చుంది. కనురెప్ప కూడా అవసరమైతేనే వాల్చింది. చుట్టూ పిల్లలు గోళ్లు కొరుకుతున్నారు, తలలు గోక్కుంటున్నారు. ఈ పిల్ల మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు పేజీ తర్వాత పేజీ తిప్పింది.

బయటికి రాగానే సారు, "ఆలోచించితివా?" అని అడిగారు.

"లేదు సార్."

"భేష్," అని జీపెక్కారు. జీపు మలుపు తిరిగేదాకా ముగ్గురం కదల్లేదు. అప్పుడు స్వరూప, ఉత్తర్వు సంగతి మరిచిపోయి, "ఎట్ల రాసినవే?" అంది.

"లెక్కలు అల్కగనే ఉన్నయమ్మా. ఆ సారు కిటికీల నిలబడి చూస్తుంటే నవ్వు ఆపుకొనుడే కష్టమైంది," అంది భార్గవి.

మంగళవారం తుది మూల్యాంకనం. ఈసారి రెండు వర్గాలనూ వేర్వేరు గదుల్లో, తలుపులు మూసి కూర్చోబెట్టారు. ఎవరి పుస్తకమూ ఎవరికీ అందదు. కిటికీవైపు పిల్లలు బొమ్మలు చక్కగా గీశారు. కోళ్లకు జుట్లు, మేకలకు గడ్డాలు పెట్టారు. ఊహించడం, సరిచూడడం అని రంగు పెన్సిళ్లతో శీర్షికలు రాశారు. వాటి కింద ఏమీ రాయలేదు. భరత్ గీసిన మేక ఎంత బాగుందంటే, పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం ఆ కాగితం ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగింది. గోడవైపు పిల్లలు మాత్రం అన్నీ చేసేసి, ఇంకొక కాగితం ఉందా అని తలుపు కొట్టారు.

ఫలితాలు చూసి చిదంబర్ రావు సారుకు జ్వరం వచ్చిందని విన్నాం. మా ఊళ్లో అందరం భయపడ్డాం. శోభారాణి టీచరు బదిలీ అవుతుందేమోనని పెట్టె కూడా సర్దుకుంది. కానీ శాస్త్రం తెలిసినవాళ్లు అట్లా కుంగిపోరు. జ్వరం తగ్గగానే నివేదిక రాశారు. దాన్ని నేను రెండుసార్లు చదివాను.

బోధింపబడిన వర్గము కన్న బోధన నిషేధింపబడిన వర్గము అత్యధికముగా రాణించినది. దీనినిబట్టి సమస్యా సాధనను పెంపొందించునది మథనము కాదనియు, బీరువా, దూది, పసుపు పట్టీ మరియు చీమల నిర్మూలనయే అనియు నిస్సందేహముగా తేలినది. కావున 'గణిత మథనం' స్థానమున 'గణిత నిగ్రహం' అను కార్యక్రమమును జిల్లాలోని సమస్త పాఠశాలల యందు ప్రవేశపెట్టవలెను.

ప్రవేశపెట్టారు. బడి బడికీ బీరువాలు దిగాయి. పసుపు పట్టీలు లారీల్లో వచ్చాయి. జిల్లా అంతటా పిల్లలు ఆలోచించరాదని చాటింపు వేశారు.

శోభారాణి టీచరు భయపడుతూ, "మరి మా బడి ఏం చెయ్యాలె సార్?" అని అడిగింది.

"నిగ్రహము పనిచేయుచున్నదా లేదా తేలవలెను గదా," అన్నారు సారు. "అందులకు పోలిక వర్గము కావలెను. మీ పాఠశాల ఇదివరకే కలుషితమైనది. కావున మీరు పోలిక వర్గము. పిల్లలందరికీ మీ ఇష్టము వచ్చినట్లు బోధించుకొనుడు. మేము చూడము."

టీచరు ఆ సాయంత్రమే పిల్లలందరి చేతా బీరువాను వరండాలోకి తోయించింది. దాన్ని ఏ వైపు తిప్పితే గుమ్మంలోంచి పోతుందన్నది వాళ్లే తేల్చారు.

భార్గవికి గురుకులంలో సీటు వచ్చింది. ఇనుప పెట్టె, దుప్పటి, ఒక స్టీలు చెంబు సర్ది దింపి వచ్చాం. నాకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. గురుకులం కూడా ఈ జిల్లాదే. నిగ్రహం అక్కడా వచ్చింది. పిల్ల ఇంత తంటాలు పడి ఏ లెక్కల కోసం పోయిందో, ఆ లెక్కలే అక్కడ చెప్పరాదట.

మొదటి ఆదివారం ఫోన్ చేసింది. స్వరూప మాట్లాడింది, భరత్ మాట్లాడాడు, తర్వాత నాకిచ్చారు.

"తిండి మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది నానమ్మా. గురువారం గుడ్డు పెట్టిండ్రు."

"పట్టీ కట్టిండ్రా?"

"కట్టిండ్రు. అందరికి కట్టిండ్రు. లెక్కలు చెయ్యొద్దన్నరు. పెద్ద క్లాసు అక్కలు మస్తు గట్టియి ఇస్తున్నరు, ఒక్కొక్కటి రెండు రోజులైనా తెగుతలేదు."

నాకు ఊపిరి ఆడింది. అయినా అధ్యక్షురాలిని కదా. "వార్డెన్ చూస్తే ఎట్లనే?" అన్నాను.

"రోజు అందరి సంచులు వెతుకుతది నానమ్మా. పరుపులు గూడ లేపి చూస్తది."

"ఏమన్న దొరికిందా?"

"ఏం దొరుకుతది? అన్నీ నెత్తిలనే చేస్తున్నం."